బయటి గొళ్ళెం

ఆవిడకు నలభై రెండేళ్ళు. పరీక్షల రోజున మాత్రం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఏడేళ్ళు.

బెదిరిపోయిన పిల్లలను ఆటబొమ్మలతో మచ్చిక చేసుకుని, మనసులో ఉన్నది బయటకు రప్పించే చదువు ఒకటుంది. అది చదివినవాళ్ళకు చివర్లో పరీక్ష పెట్టాలి. నిజంగా దెబ్బతిన్న పిల్లను తెచ్చి పదిమంది చేత పదిసార్లు అడిగించలేరు కదా. అందుకని పిల్లలా నటించే మనిషిని పెట్టుకుంటారు. ఆవిడ ఒకప్పుడు నాటకాల్లో వేసేది. ఎనిమిదేళ్ళుగా ఇదొక్కటే వేషం. అటెండరు ఆవిడను "పాపగారూ" అని పిలుస్తాడు. ఆవిడకు కోపం రాదు.

గదికి కిటికీ లేదు. ఒక చాప, పళ్ళెంలో ఇసుక, బుట్టెడు బొమ్మలు, చిన్న చిన్న తలుపులున్న బొమ్మరిల్లు. ఒక గోడకు నల్లటి అద్దం. దాని వెనక పరీక్ష పెట్టే డాక్టరమ్మ ఇటు జరిగేదంతా చూస్తూ, మార్కులు వేస్తూ కూర్చుంటుంది. మధ్యలో ఎవరూ తోసుకు రాకుండా అటెండరు బయట గొళ్ళెం పెడతాడు. ఆ చప్పుడు విన్నాకే ఆవిడ పాప అవుతుంది.

ఆ రోజు మధ్యాహ్నానికి ఐదుగురు వచ్చి వెళ్ళారు. ఐదుగురి ముందూ పాప మొదట ఒకటే పని చేసింది. అన్నిటికంటే చిన్న బొమ్మను బొమ్మరింటి వెనక గదిలో పెట్టింది. తలుపు మూసింది. బయట అడ్డంగా ఐస్‌క్రీం పుల్ల పెట్టింది. ఒకబ్బాయి "బొమ్మ బజ్జుందా?" అన్నాడు. ఒకమ్మాయి బొమ్మరిల్లు పక్కకు జరిపి రంగు పెన్సిళ్ళు చేతికిచ్చింది. తర్వాత వాళ్ళు అడగాల్సినవి అడిగారు, పాప చెప్పాల్సినవి చెప్పింది. ఐదుగురూ గట్టెక్కారు.

టీ తాగేటప్పుడు అటెండరు ఆరో మనిషి సంగతి చెప్పాడు. ఇద్దరు పిల్లల తల్లి. రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే ఇక రానివ్వరు, చేస్తున్న ఉద్యోగం కూడా ఊడుతుంది.

"కాస్త తొందరగా ఏడ్చెయ్యండి పాపగారూ. మీరు మొండికేశారంటే ఆవిడ పని అయిపోయినట్టే."

నా చేతిలో ఏముందయ్యా అంటూ ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

ఆరో మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చి చాప మీద కూర్చుంది. కూర్చున్నాక మళ్ళీ తుడుచుకుంది. బయట గొళ్ళెం పడింది. పాప చిన్న బొమ్మను వెనక గదిలో పెట్టి, తలుపు మూసి, పుల్ల అడ్డం పెట్టింది.

ఆ మనిషి చాలాసేపు ఆ పుల్లనే చూసింది. బుట్టలోంచి ఇంకో బొమ్మను తీసి ఆ తలుపు దగ్గర కూర్చోబెట్టింది.

"గొళ్ళెం ఎవరు పెట్టారమ్మా?"

ఎనిమిదేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు.

"పెద్దమ్మ."

"ఎందుకట?"

"ఇంటికి ఎవరో ఒకరు వస్తారుగా. నేను కనపడకూడదు."

"లోపల ఏమున్నాయి?"

"చీపుర్లు. పాత పరుపు." పాప చాప మీదకు వంగింది. "కింద సందులోంచి చెప్పులు కనిపిస్తాయి. చెప్పుల్ని బట్టి ఎవరో తెలిసిపోద్ది. అందరూ ఇటు నుంచే పోతారు. ఒక్కళ్ళూ ఆగరు."

ఆ మనిషి తను వరసగా అడగాల్సిన ప్రశ్నలు మరిచిపోయింది. బొమ్మను తలుపుకు ఆనేలా జరిపింది.

"నేను ఆగాను. తియ్యనా?"

పాప తల అడ్డంగా ఊపింది. "నువ్వెళ్ళిపోయాక మళ్ళీ పెడుతుంది."

"అయితే తియ్యను. ఇక్కడే కూర్చుంటా."

ఇద్దరూ అలాగే కూర్చున్నారు. గంట మోగింది. అటెండరు తలుపు తీశాడు. ఆ మనిషి కాళ్ళు తిమ్మిరెక్కి, గోడ పట్టుకుని లేచి, వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది.

డాక్టరమ్మ అద్దం వెనక నుంచి వచ్చింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఎంత బాగా చేశారండీ ఇవాళ. అచ్చం చిన్నపిల్లే."

ఆ అమ్మాయి గట్టెక్కిందా అని ఆవిడ అడిగింది.

"ఎక్కడండీ. నాకూ జాలే. కానీ అరగంట కూర్చుని అసలు భయం దేనికో పట్టుకోలేకపోయింది. సగం మార్కులు దానికే కదా."

"పట్టుకుంది," అంది ఆవిడ.

"ఏదీ, ఎక్కడ?"

ఆవిడ నోరు తెరిచింది. ఒక్క మాట చెబితే చాలు. గుమ్మంలో ఏడో మనిషి వచ్చి నిలబడ్డాడు. అతని వెనక, గొళ్ళెం మీద చెయ్యేసి అటెండరు.

"ఏం లేదులెండి," అని ఆవిడ చాప మీద కూర్చుంది.

ఎనిమిదేళ్ళ కిందట ఆవిడకు నేర్పిన వేషంలో గొళ్ళెం లేదు, పెద్దమ్మా లేదు. ఉన్నదల్లా వీధికుక్క కరిచి, బడికి వెళ్ళనంటున్న ఒక పిల్ల.