ఏకాదశినాడు మోగని కంకణం

మా వీధిలో అందరి చేతికీ ఆరోగ్య కంకణాలే. ఏకాదశి ఉపవాసానికి షుగరు తగ్గగానే అన్నీ ఒకేసారి మోగి అంబులెన్సులను పిలిచేవి. అందుకని ఆ రోజు ఊరుకోమని మా మహిళా సంఘమే వాటికి నేర్పింది.

ఈ ఏకాదశినాడు పక్కింటి సూరమ్మ వదిన గుమ్మంలో కూలబడింది. కంకణం మోగలేదు.

“ఉపవాసమా వదినా?”

“నాకెక్కడి ఉపవాసం! పనుల్లేక రెండు రోజులుగా పొయ్యే వెలిగించలేదు.”

“మరి చెప్పవేం?”

“చేతికి ఇది ఉందిగా, అదే చెబుతుందనుకున్నా.”

పంచదార నీళ్లు తాగించి, పిల్లలకు వండిన అన్నంలో పెరుగు కలిపి తెచ్చాను.

“నువ్వు పస్తుంటే నేనెలా తినేది?” అని మొండికేసింది.

“వచ్చే ఏకాదశి నుంచి సంఘమే ఇంటింటికీ వచ్చి ఉపవాసమా, ఆకలా అని అడుగుతుంది. ముందు తిను” అంటూ, స్వామికి మనసులో దండం పెట్టుకుని, మొదటి ముద్ద నేనే తిన్నాను.

స్వామి ఏమనుకున్నాడో తెలియదు. వదిన మాత్రం మారు అడిగింది.