మూడో తరం పుంజులు

"ఎర్ర పుంజు పిల్లలు ఎలా ఉన్నాయమ్మా?" మంచం మీద వెల్లకిలా పడుకున్న మామగారు అడిగాడు.

కోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. "బాగానే ఉన్నాయి మామయ్యా. మూడో తరం కదా, ఛాతీ బాగా నిండుతోంది."

తుంటి ఎముక విరిగి ఆయన మంచం పట్టాడు. కోళ్ల షెడ్డు ఇంటికి దూరంగా తోటలో ఉంది. అక్కడి కబుర్లు రోజూ కోడలి నోటి వెంట వినడమే.

నాటుకోళ్ల పెంపకంలో ఆయన చేయి తిరిగిన మనిషి. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో కోడిని పట్టుకోవడానికే జంకిన కోడలికి ఆయనే పని నేర్పాడు. నేర్చుకున్నాక ఆమె ఆయనతోనే వాదానికి దిగింది. ఇంటి కోళ్లు రుచికి పెట్టింది పేరే గానీ, ఎదగడానికి యుగాలు పట్టేది. బరువైన పుంజుల్నే జత కట్టిద్దామని ఆమె. బరువొక్కటే చూస్తే కాళ్లు వంగిపోతాయి, పెట్టలు పొదగడం మరిచిపోతాయి అని ఆయన. భోజనాల దగ్గర కూడా అదే గొడవ. మధ్యలో కొడుకు తల పట్టుకునేవాడు. చివరికి బయటి నుంచి ఒక ఎర్ర పుంజును తెచ్చి, బాగా పొదిగే ఇంటి పెట్టలతో కలిపారు. పుట్టినవాటిలో మేలైనవి ఏరి మళ్లీ పిల్లలు తీశారు. ఆమెకు అదే లోకమైపోయింది.

ఇప్పుడు ఆమె గొంతు చప్పగా ఉంది, ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టు.

"తూకం వేశావా?"

"వేశాను. మూడు నెలలకే కిలోన్నర దాటాయి. పాతవి కిలో కూడా తూగేవి కావు."

"కాళ్లో?"

"నిటారుగా ఉన్నాయి."

"అన్నింటికీనా? నా చెవిలో పువ్వు పెట్టకు."

"ఒకదానికి వంకర ఉంది. గోధుమ రంగు పుంజుకి."

"దాన్ని జతకు ఉంచకు."

"అన్నిట్లోకీ అదే బరువైంది మామయ్యా!"

"అందుకే చెబుతున్నా. ఆశపడి ఉంచావంటే వచ్చే తరమంతా కుంటుతుంది."

"తల్లి కాళ్లు గట్టివి. ఆ లోపం పిల్లలకు రాదు."

"వస్తుంది."

"రాదు! మీరెప్పుడూ ఇంతే, మీ మాటే నెగ్గాలి." ఆమె గొంతు లేచింది. రెండు చేతులూ గాలిలో పుంజు ఛాతీ వెడల్పు చూపిస్తున్నాయి. ఆయన ఆ చేతుల వంకే చూశాడు. మేత దుమ్ము లేదు. గోళ్లు శుభ్రంగా ఉన్నాయి.

"పెట్టలు పొదుగుతున్నాయా?" అన్నాడు.

"నల్ల పెట్ట కూర్చుంది. దగ్గరికి వెళ్తే పొడుస్తోంది."

"మంచి పెట్ట. దాని ఆడపిల్లల్ని ఉంచు. పుంజును మాత్రం వేరే తల్లి బిడ్డల్లో వెతుకు. అన్నాచెల్లెళ్లను కలిపితే పిల్లలు గిడసబారిపోతాయి."

"తెలుసు. మీరు నేర్పిందేగా."

"ఏది దొరికిందో రేపు చెప్పు."

"చెప్తాను." ఆమె లేచి ఆయన దుప్పటి సర్దింది.

"భోజనం చేశావా?"

"చేస్తానులెండి."

"ఇప్పుడే చెయ్యి. ఖాళీ కడుపుతో ఏరితే పుంజుకీ పెట్టకీ తేడా తెలీదు."

ఆమె పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వు అనడానికి లేదు. వంటగదిలోకి వెళ్లింది. కంచం చప్పుడు వినిపించాక ఆయన కళ్లు మూసుకున్నాడు.

కొంతసేపటికి కొడుకు వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"తింటోందా?" అన్నాడు తండ్రి.

"తింటోంది. నాతో మాత్రం పెదవి విప్పడం లేదు. మీతో అంతసేపు ఏం మాట్లాడింది?"

"పోట్లాడింది."

కొడుకు తల దించుకున్నాడు. "నాన్నా, షెడ్డు గురించి మీకో సంగతి చెప్పాలి. ఎలా చెప్పాలో..."

తండ్రి చెయ్యి చాచి వాడి మణికట్టు పట్టుకున్నాడు. వంటగది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"పక్క తోట వాళ్లు చెప్పారు. కోళ్లన్నీ రోగంతో పోయాయని నాకు తెలుసని కోడలికి చెప్పకురా."