విస్తరి మీద చెయ్యి

ఏం కావాలో, ఏం వద్దో పిల్లలే చెప్పాలని గుంటూరు వికలాంగుల బడిలో పనిచేసే రచన టీచర్ మీటింగుల్లో ఉపన్యాసాలు దంచేది. మాటలు రాని తేజశ్రీకి, చాలనిపిస్తే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం ఆవిడే నేర్పింది.

పొంగిపోయిన తేజశ్రీ తల్లి టీచర్‌ని భోజనానికి పిలిచింది. పండుమిరప పచ్చడికి టీచర్ ముక్కూ కళ్లూ కారుతున్నాయి.

"చాలండీ, ఇంక తినలేను."

"మొహమాటపడకండి మేడం!" మళ్లీ అన్నం గరిటె లేచింది.

పక్కనే కూర్చున్న తేజశ్రీ టీచర్ మొహం చూసింది. గబుక్కున వంగి ఆవిడ విస్తరి మీద తన చెయ్యి పెట్టింది.

తల్లి మొహం మాడిపోయింది.

టీచర్ ఆ చేతిని పట్టుకుని పక్కకు తీసేసింది.

"తప్పమ్మా! పెద్దవాళ్లు ప్రేమగా వడ్డిస్తుంటే వద్దనకూడదు. మీరు వెయ్యండి."