పేరు చెప్పకూడని దయ్యం

ఉదయభాస్కర్ మేష్టారికి ఆ మధ్యాహ్నం కాలు నిలవడం లేదు. ముమ్మిడివరంలో ఆయన ఇంటి హాలు ఆ మూల నుంచి ఈ మూలకి పన్నెండడుగులు. భోంచేశాక అప్పటికి వందసార్లు తిరిగుంటారు.

సాయంత్రం ఐదింటికల్లా ఆయనకో దయ్యం కావాలి.

ముప్పై ఏళ్లుగా దయ్యాల కథలే ఆయన లోకం. మొదట్లో శ్మశానం, మాంత్రికుడు, కుంకం అద్దిన నిమ్మకాయ. వారపత్రికలో ఆయన సీరియల్ చదివి, ఒంటరిగా పెరట్లోకి వెళ్లలేకపోతున్నామండీ అని ఆడవాళ్లు ఉత్తరాలు రాసేవారు. తర్వాత జనం అపార్ట్‌మెంట్లకి మారారు. ఆయన దయ్యాన్ని లిఫ్టెక్కించారు. ఆనక దాని చేతికి సెల్‌ఫోన్ కూడా ఇచ్చారు. ఈలోగా పత్రికలు మూతబడ్డాయి. ఇప్పుడు కథలు వినిపించే యాప్ ఒక్కటే దిక్కు.

ఆ యాప్ ఎడిటర్ హారతి పొద్దున్నే ఫోన్ చేసి, మొహమాటం లేకుండా చెప్పేసింది.

"సార్, మీ దయ్యాలు వింటే నవ్వొస్తోంది సార్. ఐదింటికల్లా భయపెట్టే కథ పంపండి. లేదంటే మీ సిరీస్ ఆపేస్తాం."

నవ్వా! తన దయ్యాలని చూసి నవ్వా!

నెల రోజులుగా పన్లోకి వస్తున్న తలుపులమ్మ వంటింట్లో అంట్లు తోముతోంది. ఆవిణ్ణి కేకేసి, అప్పటిదాకా రాసింది చదివి వినిపించారు. ఆమె చెయ్యి తుడుచుకుంటూ అంతా విని, "బాగుందండి" అంది, పప్పులో ఉప్పు సరిపోయిందన్నంత తాపీగా.

"భయం వెయ్యలేదూ?"

"లేదండి."

"మరి నీకు దేనంటే భయమే?"

తలుపులమ్మ ఓసారి వీధి గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించింది.

"శనివారం పొద్దుగూకాక యానాం బస్సు ఆగిన చప్పుడైతే చాలండి, నా కాళ్లూ చేతులూ చల్లబడిపోతాయి. లైటార్పేసి పిల్లల్ని మంచం కిందకి తోసేస్తాను. ముందు అడుగులు వినపడతాయండి. తిన్నగా పడవు, ఈడ్చుకుంటా వస్తాయి. తర్వాత తలుపు మీద ఒకటే బాదుడు. తియ్యకపోతే ఆగదండి. తీస్తే..."

మెడ తడుముకుంది.

మేష్టారి ఒళ్లు ఝల్లుమంది. బస్సు దిగి వచ్చే దయ్యం! ఇన్నేళ్లలో తనకి తట్టలేదే!

"మంత్రం వేయించలేకపోయావా?"

"తాయెత్తు కట్టించానండి. వదల్లేదు."

అంతే. మేష్టారు కూర్చుని ఏకబిగిన రాసేశారు. నాలుగున్నరకి చదివి, రికార్డు చేసి పంపేశారు. పావుగంటలో హారతి ఫోన్.

"సార్! సగంలో భయమేసి ఆపేశాను సార్! ఆ తలుపు చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. సిరీస్ మీదే. ఇంతకీ ఆ దయ్యం పేరేంటి? టైటిల్ అదే పెట్టేద్దాం."

మేష్టారికి ప్రాణం లేచొచ్చింది. ఒక్క పరుగున వంటింట్లోకి వెళ్లారు. తలుపులమ్మ అప్పటికే కేరేజీ సర్దుకుని బయల్దేరుతోంది.

"తొందరగా పోవాలండి. ఇయ్యాళ శనివారం."

"ఆగాగు. దాని పేరేంటో ఒక్కటి చెప్పి వెళ్లు."

ఆమె ఠక్కున ఆగిపోయింది.

"అమ్మో! ఆ పేరు నేనెత్తకూడదండి. ఆయుష్షు తగ్గిపోద్ది."

మేష్టారికి వెన్నులోంచి వణుకొచ్చింది. వణుకుతోపాటు చెప్పలేనంత ఆనందమూ వేసింది. పేరెత్తితేనే ప్రాణం తీసే దయ్యం!

"ఏం కాదు, పట్టపగలే కదా. మెల్లిగా నా చెవిలో చెప్పు."

తలుపులమ్మ కొంగు మెడ చుట్టూ నిండా కప్పుకుని, ఈయనకి ఇంతమాత్రం తెలీదా అన్నట్టు చూసింది.

"మొగుడి పేరు ఆడది నోటితో ఎలా చెప్పుద్దండీ?"