చేతికర్రగా హైమవతి

ఆ నగరంలో ఆఫీసు కంప్యూటర్ల నుంచి ఆసుపత్రి తలుపుల దాకా అన్నీ ఒకే నిఘంటువు చెప్పినట్టు నడిచేవి. అందులో ‘బంధువు’ అన్న మాటకు అర్థం రాసింది హైమవతే. అందుకు సన్మానం కూడా చేయించుకుంది.

ముప్పై ఏళ్లుగా తనతో ఒకే ఇంట్లో ఉంటున్న జుబేదాకు ఆ ఉదయం ఆపరేషన్. వార్డు తలుపు హైమవతిని ఆపేసింది.

"స్నేహితులు బంధువులు కారండి," అంది తలుపు.

"ఏ తలమాసినోడు రాశాడో!" అని నర్సు విసుక్కుంది.

"నేనేనమ్మా," అంది హైమవతి, తల దించుకుని.

నర్సు నవ్వాపుకుని, తలుపు లోపలికి రానిచ్చేవాటి జాబితాలో వెతికింది. "రోగి ఆనుకుని నడిచేవాటిని రానిస్తుందట. మిమ్మల్ని చేతికర్రగా రాసెయ్యనా మేడమ్?"

"రాసెయ్యి తల్లీ."

తలుపు తెరుచుకుంది. జుబేదా ఆమె భుజం పట్టుకుని లేచింది.

"ఇన్నాళ్లకి నీ గురించి ఎవరో సరిగ్గా రాశారు హైమా," అంటూ ఆపరేషన్ గదివైపు మెల్లగా నడిచింది.