అడిగే గది

మా ఊరి ఆరోగ్య కేంద్రంలోకి మాట్లాడే గది వచ్చిందని తెలిసినప్పటి నుంచీ నాకు కాలు నిలవలేదు. అడిగేదీ అదే, మందిచ్చేదీ అదేనట!

ఎప్పటిలాగే మా అత్తయ్య హారిక కూడా నాతోపాటు లోపలికొచ్చింది.

"ఏం కావాలమ్మా?" అని గది అడగ్గానే, "మా కోడలికి వెంటనే రెండో కాన్పు కావాలి" అనేసింది.

"ఆ మాట మీ కోడలు జోషితగారు చెప్పాలమ్మా."

"దానికేం తెలుసు? దాని తరఫున అన్నీ నేనే చెబుతా."

"అయితే మీరు కాసేపు బయట కూర్చోండి" అంటూ గది తలుపు తెరిచింది. ఊరందరి నోరూ మూయించే మనిషి, గోడతో ఏం పోట్లాడుతుంది? వెళ్లింది.

"మీకేం కావాలమ్మా?" అని గది నన్నడిగింది. పెళ్లయ్యాక నన్నొకరు అలా అడగడం అదే మొదలు. "మూడేళ్ల దాకా వద్దు" అన్నాను. మూడేళ్లు గర్భం రాకుండా జబ్బకి చిన్న సూది, చీమ కుట్టినట్టు. అంతే!

ఎగురుకుంటూ బయటికొచ్చాను. తిడుతుందనుకున్న అత్తయ్య కొంగు సర్దుకుంటూ లేచింది.

"ఏమే, నన్ను కూడా అడుగుతుందా అది?"

అరగంట తర్వాత వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నీ మొగుడు పుట్టినప్పటి నుంచీ నా గర్భసంచి జారుతోందే. వచ్చే వారమే బాగుచేస్తారట! ఇన్నేళ్లూ అడిగినవాళ్లు లేకపోయారు."