తెర మీద ఒకటి, కాగితం మీద ఒకటి

"నేను మార్చలేదు సార్! నా పిల్లల మీద ఒట్టు!"

టైపిస్టు గొంతు కీచుమంది. నీటి పరీక్షల ల్యాబులో ఒక్కరూ తలెత్తలేదు. విచారణాధికారి ఆమె వంక చూడనైనా చూడలేదు. తన వెంట వచ్చిన కంప్యూటర్ నిపుణురాలి వైపు తిరిగాడు.

"ఇంకోసారి చేసి చూపించమ్మా. అందరూ చూస్తారు."

నిపుణురాలు కుర్చీ లాక్కుని కూర్చుంది. కీబోర్డంతా జిడ్డు. మీటల సందుల్లో బిస్కెట్ పొడి, తెగిన వెంట్రుకలు. వేళ్ళు ఆనించాలంటేనే రోత పుట్టింది.

ల్యాబులో రిపోర్టులు రాసే ప్రోగ్రాం శాస్త్రవేత్తల కోసం తయారైన ఎడిటర్. ఉచితంగా దొరుకుతుంది. లెక్కలూ పట్టికలూ అచ్చు పుస్తకంలో ఉన్నట్టు వస్తాయి. అందులో నీటి రిపోర్టు తెరిచింది. వీధికొళాయి నీళ్ళలో సీసం ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉన్నట్టు కనిపించింది.

రిపోర్టు మూసేసింది. ఈసారి టైపిస్టు రోజూ చేసే పద్ధతిలో, నల్లటి కమాండ్ తెర మీద ఒకే ఒక్క వరస కొట్టింది. ఎడిటర్ పేరు, రిపోర్టు పేరు, దాన్ని పీడీఎఫ్ చెయ్యమని ఒక మాట, పని కాగానే మూసుకోమని మరో మాట. ఎడిటర్ కళ్ళబడకుండానే పని ముగించుకుని పోయింది. పీడీఎఫ్ మిగిలింది.

అందులో సీసం పరిమితి లోపే ఉంది.

"చేత్తో తెరిస్తే నిజం. కమాండ్‌తో పంపితే అబద్ధం," అంది ఆమె.

ఆ అబద్ధాన్ని నమ్మి నీళ్ళు తాగిన పిల్లలు ఇప్పుడు ఆసుపత్రిలో కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నారు. ఒక పాపకు మూర్ఛలు ఆగడం లేదు.

చప్‌మని చప్పుడైంది. ల్యాబు డైరెక్టరు ఉడికించిన గుడ్డులో మిగిలిన సగాన్ని నోట్లో కుక్కుకున్నాడు. పెదవి చివర అంటుకున్న పచ్చసొనను నాలుకతో వెతుక్కుంటూ అన్నాడు.

"ఏమీ అనుకోకండి. షుగరు మనిషిని. వేళకి పడాలి."

వేళ్ళు ఒక్కొక్కటే నాకి, కిటికీ కర్టెన్‌కి తుడుచుకున్నాడు. సీసా మూత తిప్పి గటగటా తాగాడు. కొన్న నీళ్ళు.

నిపుణురాలు తల తిప్పుకుంది.

"ఎలా జరిగిందమ్మా ఇది?" అన్నాడు అధికారి.

"ఈ ఎడిటర్ మొదలయ్యే ముందు ఒక చిన్న ఫైలు చదువుకుంటుంది సార్. అందులో ఏం రాసుంటే అది చేస్తుంది. కమాండ్‌తో పిలిస్తే సీసం అంకె దించెయ్యమనీ, మామూలుగా తెరిస్తే ఊరుకోమనీ ఎవరో రాసిపెట్టారు."

"కంప్యూటర్ ఎవరిది?"

"నాదే సార్," అంది టైపిస్టు, కుడితిలో పడ్డ ఎలుకలా. "కానీ పాస్‌వర్డ్ తెర అంచుకే అంటించుంది. అందరికీ తెలుసు. నాకు ఆ ఒక్క వరస కొట్టడమే వచ్చు. లోపల ఏముందో నాకేం తెలుసు?"

డైరెక్టరు నవ్వాడు. "ఏం లాభమమ్మా? ఈ ల్యాబులో కమాండు కొట్టేది నువ్వొక్కదానివే. మా కెమిస్టులకు మౌసు తప్ప తెలీదు. నాకా, దీన్ని ఆన్ చెయ్యడమే రాదు. నా మెయిళ్ళు కూడా నువ్వే చదివిపెడతావు కదా!"

కెమిస్టులు తలలూపారు. నిజమే. ఆయన కీబోర్డు ముట్టుకోగా ఆ ల్యాబులో చూసినవాళ్ళు లేరు.

"ఆ వీధికొళాయిలకు వేసిన కొత్త పైపులు మంచివని సంతకం పెట్టింది మీరే కదండీ?" అన్నాడు అధికారి.

"పెట్టాను. ఈవిడ చేతికిచ్చిన కాగితం నమ్మి పెట్టాను. పాముకి పాలు పోశాం."

నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుంది డైరెక్టరు మొహం.

"ఆ కొళాయి నీళ్ళే మా ఇంట్లోనూ తాగుతాం సార్!" టైపిస్టు నేల మీద కూలబడింది. "నా పిల్లలకి నేనే విషం పోసుకుంటానా?"

అధికారి నిట్టూర్చి ఫోన్ తీశాడు. "పోలీసులకు అప్పగించక తప్పదు."

"అదీ మాట," అన్నాడు డైరెక్టరు. "మేడమ్ గారూ, మీరు కూడా ఆ నాలుగు ముక్కలూ రాసిచ్చేస్తే అందరం ఇళ్ళకి పోదాం."

మేడమ్. పొద్దుట్నుంచీ అదే పిలుపు. విన్న ప్రతిసారీ ఆమె ఒంటి మీద జెర్రి పాకినట్టుంటోంది. పిలుస్తున్నాడే గాని, ఒక్కసారీ కళ్ళలోకి చూడలేదు.

ఆమె ఆ చిన్న ఫైలు తెరిచింది. పొద్దున్నే చూసిందే. చూసీ నోరు మెదపలేదు. అంతసేపూ ఎదుటి మనిషి మీద ఉన్న రోత గిర్రున తన మీదికే తిరిగింది.

"సార్, ఫోన్ ఆపండి. ఈ ఫైల్లో ప్రతి ఆదేశం చుట్టూ ఉన్న బ్రాకెట్లు చూడండి. అందరూ చివర్లో అన్నీ కలిపి మూసేస్తారు. ఇక్కడ ఒక్కొక్కటీ ఒక్కో వరసలో, మెట్లలా దిగుతూ మూశారు. ఇలా రాసే మనిషిని నా జీవితంలో ఒక్కణ్ణే చూశాను."

డైరెక్టరు చేతిలో సీసా ఆగిపోయింది. "మేడమ్... పెద్దవాళ్ళ పరువు ఒకటుంటుంది. ఆలోచించి మాట్లాడండి."

"ఎవరమ్మా ఆ మనిషి?" అన్నాడు అధికారి.

"నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఈ ఎడిటరూ, ఈ కమాండ్లూ, బ్రాకెట్లు ఇలా మూయడమూ నేర్పింది ఈయనే సార్," ఆమె వేలు డైరెక్టరు వైపు తిరిగింది, "మా నాన్న."